పెరటి చెట్టు: కొత్తపేట నుంచి కొలనుపాక దాకా

పెరటి చెట్టు మందుకు పనికిరాదని మన పెద్దలు ఏనాడో అన్నారు. చూడదగిన చోట్ల విషయంలో ఈ మాట నూటికి నూరుపాళ్ళూ నిజం. సెలవులు వచ్చినవంటే మన ఇళ్ళలో మొదలయ్యే చర్చ అందరికీ తెలిసినదే. అబ్బాయి ఊటీ అంటాడు. అమ్మాయి గోవా అంటుంది. ఇల్లాలు తిరుపతి మొక్కు జ్ఞాపకం చేస్తుంది. ఇంటాయన బ్యాంకు పాసుపుస్తకం జ్ఞాపకం చేస్తాడు. చివరకు ఎవరి మాటా నెగ్గక, అందరూ కలిసి ఒక సినిమా చూసి, ఐస్‌క్రీము తిని ఇంటికి వచ్చి పడుకుంటారు.

ఈ చర్చ ఎక్కువగా సాగే పేటలలో మన కొత్తపేట ఒకటి. దిల్‌సుఖ్‌నగర్‌కూ ఎల్.బి.నగర్‌కూ నడుమ, విజయవాడ రోడ్డుకు ఇరువైపులా పెరిగిన బస్తీ ఇది. నల్గొండ నుంచి, సూర్యాపేట నుంచి, ఖమ్మం నుంచి, కృష్ణా గుంటూరు సీమల నుంచి వచ్చినవారు తమ ఊరి రోడ్డు మీదనే ఇల్లు ఉంటే బాగుంటుందని ఇక్కడ స్థిరపడ్డారు. పండుగ వచ్చినదంటే సామాను సర్దుకుని అదే రోడ్డు పట్టుకుంటారు. సంక్రాంతికి చౌటుప్పల్ దగ్గర పంతంగి టోలుగేటు వద్ద నిలిచిపోయే కార్ల బారులలో కొత్తపేట కార్లు ఎన్ని ఉంటాయో లెక్కపెట్టేవారు లేరు.

అయితే ఆ రోడ్డుకు ఎడమచేతి వైపు, గంట గంటన్నర ప్రయాణంలో, తొమ్మిది వందల ఏళ్ళ చరిత్ర ఉన్నదని మాత్రం చాలామంది ఎరుగరు. ఎరిగినవారు కూడా, "దగ్గరిదే కదా, ఎప్పుడైనా చూడవచ్చు" అంటారు. ఆ "ఎప్పుడైనా" అన్నది పంచాంగంలో లేని తిథి.

కాబట్టి ఒక ఆదివారం తెల్లవారుజామున బయలుదేరండి. వెళ్ళేటప్పుడు విజయవాడ రోడ్డు, వచ్చేటప్పుడు వరంగల్ రోడ్డు. హయత్‌నగర్, పోచంపల్లి, భువనగిరి, కొలనుపాక చూసుకుని, ఘట్‌కేసర్, ఉప్పల్, నాగోలు మీదుగా తిరిగి కొత్తపేట చేరవచ్చు. మొత్తం సుమారు 175 కిలోమీటర్లు. పులిహోర డబ్బా, మంచినీళ్ళ సీసాలు, కొండ ఎక్కడానికి పనికివచ్చే చెప్పులు, ఇవి ఉంటే చాలును.

మాసాహెబా మసీదు

ఎల్.బి.నగర్ కూడలి దాటి కొద్ది దూరం పోగానే హయత్‌నగర్ వస్తుంది. బస్సు డిపోగా, ప్లాట్ల ప్రకటనలలో పేరుగా ఇది మనకు పరిచయం. ఈ "హయత్" ఎవరని అడిగినవారు తక్కువ.

ఆమె హయత్ బక్షీ బేగం. హైదరాబాదు నగరాన్ని కట్టించిన మహమ్మద్ కులీ కుతుబ్‌షాకు కుమార్తె, ఆ తరువాత గద్దె నెక్కిన మహమ్మద్ కుతుబ్‌షాకు భార్య, అటు తరువాత రాజ్యమేలిన అబ్దుల్లా కుతుబ్‌షాకు తల్లి. ముగ్గురు సుల్తానుల ఇంటి ఆడపడుచు కావడం చేత ఆమెను ప్రజలు మాసాహెబా అని పిలిచేవారు. మాసాబ్ ట్యాంకు అన్న పేరు కూడా ఆమెదే. 1656లో ఔరంగజేబు సేనలు గోల్కొండను ముట్టడించినప్పుడు, కొడుకు రాజ్యం నిలపడానికి సంధి మాటలాడిన తల్లి ఈమె.

ఆమె పేర వెలసిన హయత్‌నగర్‌లో 17వ శతాబ్దపు మసీదు నేటికీ నిలిచి ఉన్నది. ఎత్తైన అరుగు మీద అయిదు కమానులతో తీరైన కట్టడం. చుట్టూ ఆవరణ గోడ పొడుగునా చిన్న చిన్న గదులు కనిపిస్తాయి. ఇది మసీదు మాత్రమే కాదు, బాటసారుల సరాయి కూడాను. మచిలీపట్నం రేవు నుంచి గోల్కొండకు వచ్చే వర్తకులు ఆ దారినే నడిచేవారు. పక్కనే హాథీ బావి అనే పెద్ద దిగుడుబావి ఉన్నది. ఏనుగుల చేత నీళ్ళు తోడించేవారు కనుక ఆ పేరు వచ్చినదని చెబుతారు. మన విజయవాడ రోడ్డు మీద పయనించేవారికి విడిది ఏర్పాటు చేసిన తొలి గృహిణి ఈమె అని చెప్పుకుంటే తప్పులేదు.

నూరెకరాల మాట

ఔటర్ రింగురోడ్డు దాటగానే బాటసింగారం వస్తుంది. కొత్తపేటవారికి ఇక్కడ ఒక పాత చుట్టం ఎదురవుతుంది. ఏళ్ళ తరబడి మన వీధులలో మామిడిపండ్ల వాసన నింపిన గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్టును 2021-22లో ఇక్కడికే తరలించారు. అక్కడి నుంచి మరికొంత దూరం పోయి ఎడమకు తిరిగితే, రాళ్ళ గుట్టలు, తాటిచెట్లు, చెరువులు. నగరం వెనుకబడిపోయి పల్లె మొదలవుతుంది. అక్కడ ఉన్నది పోచంపల్లి. కొత్తపేట నుంచి సుమారు 40 కిలోమీటర్లు.

ఈ ఊరికి భూదాన్ పోచంపల్లి అని పేరు రావడం వెనుక ఒక్కరోజు కథ ఉన్నది. అది 1951. తెలంగాణలో భూమి కోసం సాయుధ పోరాటం సాగుతున్న రోజులు. పగలు పోలీసుల భయం, రాత్రి మరొక భయం. హైదరాబాదు దగ్గర శివరాంపల్లిలో జరిగిన సర్వోదయ సమ్మేళనానికి వార్ధా సమీపంలోని పవనార్ ఆశ్రమం నుంచి కాలినడకన వచ్చిన ఆచార్య వినోబా భావే, ఆ తరువాత ఈ పల్లెలు చూడాలని బయలుదేరారు. ఏప్రిల్ 18వ తేదీన పోచంపల్లి చేరారు.

ఆనాడు హరిజనులని పిలిచిన కుటుంబాలు ఈ ఊళ్ళో నలభై. వారికి సెంటు భూమి లేదు. మీకేమి కావాలని వినోబా అడిగితే, ఎనభై ఎకరాలుంటే కష్టపడి బ్రతుకుతామన్నారు. ప్రభుత్వానికి వ్రాస్తానని చెప్పి ఊరుకోవచ్చు. ఆయన అట్లా ఊరుకోక, కూడిన జనంలోనే ఇవ్వగలవారెవరైనా ఉన్నారా అని అడిగారు. వెదిరె రామచంద్రారెడ్డి లేచి నిలబడి, నేను నూరెకరాలు ఇస్తానన్నారు. అడిగినది ఎనభై, ఇచ్చినది నూరు!

భూదానోద్యమం పుట్టినది ఆ క్షణాననే. అటు తరువాత వినోబా పదమూడేళ్ళకు పైగా దేశమంతా కాలినడకన తిరిగారు. దానంగా ప్రకటితమైన భూమి నలభై లక్షల ఎకరాలు దాటినది. అయితే చరిత్రను పూర్తిగా చెప్పుకోవాలి. ఆ భూమిలో సాగుకు పనికిరానిది చాలా ఉన్నది. పేదల చేతికి చేరకుండా కాగితాల మీదనే ఉండిపోయినదీ చాలా ఉన్నది. నగరం పెరిగి గజాల లెక్కన ధరలు పలికే కాలం వచ్చాక భూదాన భూములు కోర్టుల మెట్లెక్కినవి. ఊళ్ళోని వినోబా మందిరంలో కాసేపు కూర్చుని, కొత్తపేటలో రెండు వందల గజాల స్థలం కోసం అన్నదమ్ములు మాటలు మానుకున్న ఉదంతాలు తలచుకుంటే, ఒక మనిషి లేచి నిలబడి నూరెకరాలు అనడం ఎంత గొప్ప మాటో తెలుస్తుంది.

కట్టు, ముంచు, విప్పు

పోచంపల్లి వీధులలో నడుస్తుంటే చెవిన పడేది మగ్గం చప్పుడు. "రాండమ్మా, కూసోండ్రి" అని లోపలికి పిలుస్తారు. బేరం ఆడకపోయినా కోపగించుకోరు. పిల్లలను వెంట తీసుకుపోండి. వారి పాఠ్యపుస్తకాలలో లేని లెక్కలు ఇక్కడ నేర్వవచ్చు.

మామూలు చీర మీద బొమ్మ రెండు విధాలుగా వస్తుంది. నేసిన తరువాత అద్దుతారు, లేదా నేసేటప్పుడు వేరే దారంతో బుటా తీస్తారు. పోచంపల్లిలో అట్లా కాదు. ఇక్కడ నేయకముందే దారం మీద బొమ్మ ఉంటుంది. నూలునో పట్టునో సాగదీసి, ఎక్కడ రంగు అంటకూడదో లెక్కప్రకారం గుర్తులు పెట్టి, సైకిలు ట్యూబుల నుంచి కోసిన రబ్బరు పట్టీలతో ఆ చోట్లు బిగించి కడతారు. రంగులో ముంచుతారు. కట్టిన చోట రంగు ఎక్కదు. ఆరిన తరువాత కొన్ని కట్లు విప్పి, మరికొన్ని కట్టి, ఇంకొక రంగులో ముంచుతారు. ఎన్ని రంగులుంటే అన్ని కట్లు, అన్ని ముంపులు. అప్పటికి చేతిలో ఉన్నది మచ్చలు మచ్చలుగా ఉన్న దారం మాత్రమే. అది మగ్గమెక్కి, పోగు పోగుకూ చేరినప్పుడు చిలుక అవుతుంది, ఏనుగు అవుతుంది, పువ్వు అవుతుంది.

దీనిని నేతవారు చిటికి అంటారు. మనం దుకాణాలలో వినే ఇక్కత్ అనే మాట మలయ్, ఇండోనేషియా భాషలది. దాని అర్థం కూడా కట్టడమే. పడుగును మాత్రమే ఇట్లా కట్టి నేయవచ్చు, పేకను మాత్రమే కట్టవచ్చు. రెండింటినీ కట్టి, పడుగు మీది మచ్చ పేక మీది మచ్చతో సరిగ్గా కలిసేటట్లు నేయడం అన్నిటికంటె కష్టం. ఆ విద్య తెలిసిన చోట్లు ప్రపంచంలో వేళ్ళమీద లెక్కించవచ్చు.

ఇది వేల ఏళ్ళనాటి విద్య అని దుకాణాలవారు చెబుతారు. నిజానికి ఈ ఊరికి వచ్చి నూరేళ్ళ పైచిలుకు మాత్రమే. చీరాల ప్రాంతంలో తేలియా రుమాళ్ళు నేసేవారు. నూలును నూనెలోను, బూడిద నీళ్ళలోను నానబెట్టి, ఎరుపు నలుపు తెలుపు రంగులలో నేసే గుడ్డలవి. అరబ్బు దేశాల దాకా ఎగుమతి అయ్యేవి. అక్కడి పనితనం 20వ శతాబ్దం తొలిభాగంలో పోచంపల్లి చేరి, తరువాత చుట్టుపక్కల ఊళ్ళకు పాకినది. చౌటుప్పల్ వైపు ఉన్న పుట్టపాక తేలియా రుమాలుకు 2020లో భౌగోళిక గుర్తింపు వచ్చినది. పోచంపల్లి ఇక్కత్‌కు అంతకు ముందే, 2005లో వచ్చినది. 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ పోచంపల్లిని ఉత్తమ పర్యాటక గ్రామాలలో ఒకటిగా ఎంపిక చేసినది. నూరేళ్ళలో ఇంత పేరు తెచ్చినది ఏ రాజూ కాదు, ఏ కోటా కాదు. గుంటమగ్గంలో కాళ్ళు పెట్టుకుని కూర్చున్న మనుషులు.

జపాను పల్లెలో మన చుట్టాలు

ఇక్కడ ఒక మాట జ్ఞాపకం వస్తున్నది. జపాను దేశానికి దక్షిణాన క్యూషూ ద్వీపంలో కురుమే అనే ప్రాంతం ఉన్నది. అక్కడి పల్లెలలో కూడా అచ్చంగా ఇదే పని. దారాన్ని కట్టి నీలిమందులో ముంచి నేస్తారు. కసూరి అంటారు. దీనికి ఆద్యురాలు ఇనోవె దెన్ అనే స్త్రీ. 1788లో పుట్టినది. పన్నెండు పదమూడేళ్ళ పిల్లగా ఉన్నప్పుడు, రంగు వెలిసి తెల్లమచ్చలు పడిన పాత గుడ్డను చూసి, ఆ మచ్చలు ఎట్లా వచ్చినవో తెలుసుకోవాలని దాని పోగులు విప్పి పరీక్షించినదని చెబుతారు. మన ఇంట్లో ఆ పని చేస్తే, పాడుచేశావు కదే అని తల్లి వీపు మీద ఒకటి వేసేది!

జపానువారు 1950లో సాంస్కృతిక సంపద రక్షణకు ఒక చట్టం చేశారు. అందులో గుడులు, కోటలు, విగ్రహాలతోపాటు చేతి విద్యలను కూడా సంపదగా చేర్చారు. కురుమే కసూరికి 1957లో ఆ గౌరవం దక్కినది. అంటే, రాతి గుడి ఎంత విలువైనదో, దారం కట్టే వేలు కూడా అంత విలువైనదని వారి లెక్క. ఆ పల్లెలు చూడబోయే యాత్రికుడు గుడి చూసినట్లే నేతగాని ఇల్లు కూడా చూసి వస్తాడు.

మనకు ఆ అలవాటు ఇంకా రాలేదు. కోట ముందు నిలబడి ఫోటో తీసుకుంటాం. మగ్గం ముందు నిలబడి, "ఇంత ధరా?" అంటాం.

అఖండ శిల

పోచంపల్లి నుంచి ఉత్తరంగా ఇరవై కిలోమీటర్లకు పైగా పోతే భువనగిరి. ఊరింకా రాకముందే కొండ కనిపిస్తుంది. కొండ అనడం కంటె ఒకే రాయి అనడం సబబు. అయిదు వందల అడుగులకు మించిన ఎత్తుతో, గుడ్డు ఆకారంలో, ఎవరో నేల మీద పెట్టి మరచిపోయినట్లున్న అఖండ శిల.

దీని మీద కోట కట్టించినది పశ్చిమ చాళుక్య చక్రవర్తి ఆరవ విక్రమాదిత్యుడు. 1076 నుంచి 1126 వరకు కల్యాణి రాజధానిగా రాజ్యమేలినవాడు. త్రిభువనమల్లుడనేది ఆయన బిరుదు. త్రిభువనగిరి కాలక్రమాన భువనగిరి అయినది. ఆయన కొలువులోనే విజ్ఞానేశ్వరుడు మితాక్షర అనే ధర్మశాస్త్ర వ్యాఖ్య వ్రాశాడు. మన ఇళ్ళలో ఉమ్మడి ఆస్తి, పిత్రార్జితం అని వకీళ్ళు వాదించుకునే మాటలకు మూలం ఆ గ్రంథమే. వాటాల కోసం కోర్టుకు పోయే ప్రతివాడూ తెలిసో తెలియకో ఈ కోట ప్రభువును తలచుకుంటున్నట్లే లెక్క.

మెట్లు మొదట సుఖంగానే ఉంటాయి. తరువాత నున్నటి రాయి మీద నడక. ఎండెక్కకముందే ఎక్కడం మంచిది. వాన పడితే రాయి జారుతుంది, జాగ్రత్త. మీద బాలాహిస్సార్ కట్టడం, నీటి గుంటలు, పాడుపడిన గోడలు. పైనుంచి చూస్తే చెరువులు, పొలాలు, రైలుపట్టాలు బొమ్మ గీసినట్లుంటాయి. తాతగారు, బామ్మగారు సగం దాకా వచ్చి గాలికి కూర్చున్నా నష్టం లేదు.

ఈ రాతికి ఈ కాలపు కథ కూడా ఒకటి ఉన్నది. నిజామాబాదు జిల్లా పాకాల గ్రామానికి చెందిన గిరిజన బాలిక మాలావత్ పూర్ణ పర్వతారోహణకు ఓనమాలు దిద్దినది ఈ రాతి మీదనే. 2014 మే 25వ తేదీన, పద్నాలుగేళ్ళు నిండకముందే, ఆమె ఎవరెస్టు శిఖరం మీద నిలబడినది. ఆమెతోపాటు ఖమ్మం ప్రాంతపు కుర్రవాడు ఆనంద్ కుమార్ కూడా. తొమ్మిది వందల ఏళ్ళ క్రితం శత్రువులు ఎక్కరాదని కట్టిన కొండ, మన పిల్లలు ఎక్కడానికి పనికివచ్చినది.

ఆసు కథ

భువనగిరి నుంచి వరంగల్ రోడ్డు మీద ఆలేరు వైపు సాగాలి. దారిలో ఎడమకు పోతే యాదగిరిగుట్ట. నల్లరాతితో కొత్తగా కట్టిన నరసింహస్వామి ఆలయంలో 2022 మార్చి 28 నుంచి దర్శనాలు మొదలైనవి. ఆదివారం రద్దీ ఎక్కువ కనుక దానికి వేరే రోజు పెట్టుకోవడం మేలు.

ఆలేరు మండలంలో శారాజీపేట అనే చిన్న ఊరు ఉన్నది. చూడవలసిన గుడీ కోటా ఏవీ లేవు. కాని ఇక్కడ పుట్టిన ఒక కథ ఏ కోట కథకూ తీసిపోదు.

పోచంపల్లి చీరకు పేక దారం తయారు చేయడంలో ఆసు పోయడం అనే పని ఒకటి ఉన్నది. అర్ధచంద్రాకారంగా మేకులు, ఎదురుగా నడుమ ఒక మేకు. దారాన్ని నడిమి మేకు నుంచి చివరి మేకుకు, మళ్ళీ వెనుకకు, వరుస తప్పకుండా తిప్పుతూ పోవాలి. ఒక్క చీరకు చేయి సుమారు తొమ్మిది వేల సార్లు ఇటూ అటూ ఆడాలి. నాలుగైదు గంటల పని. ఇది ఇంట్లో ఆడవారి వంతు. రోజుకు రెండు చీరల దారం పోస్తే, రాత్రికి భుజం పైకి లేవదు.

చింతకింది మల్లేశం తల్లి లక్ష్మి ఈ పనే చేసేది. చదువు ఎక్కువ సాగని మల్లేశం, అమ్మ చేయి నొప్పి తగ్గించే యంత్రం చేయాలని పట్టుబట్టాడు. ఏళ్ళు గడిచినవి. అప్పులైనవి. పిచ్చివాడన్నారు. చివరకు 1999లో యంత్రం ఆడినది. దానికి తల్లి పేరే పెట్టాడు: లక్ష్మీ ఆసు యంత్రం. నాలుగైదు గంటల పని గంటన్నరలో ముగిసినది. 2017లో భారత ప్రభుత్వం ఆయనకు పద్మశ్రీ ఇచ్చినది. 2019లో ఆయన కథ సినిమాగా కూడా వచ్చినది.

యంత్రాలు చేతిపనిని చంపుతాయని మనం తరచు వింటాం. నిజమే, మరమగ్గం చేనేత పొట్ట కొట్టినది. ఇక్కడ మాత్రం ఒక యంత్రం నేతను వదలిపెట్టక నేతకత్తె నొప్పిని మాత్రమే తీసివేసినది. తల్లి భుజం చూసి చేసిన యంత్రానికీ, లాభం చూసి చేసిన యంత్రానికీ ఉండే భేదం అది.

కొలనుపాక

ఆలేరు నుంచి కొద్ది కిలోమీటర్లు పక్కకు పోతే మన యాత్రలో చివరి మజిలీ, కొలనుపాక. శాసనాలలో కొల్లిపాక. ఒకనాడు ఏడువేల నాడుకు రాజధాని. "కొల్లిపాక ఏడువేలు" అనేవారు. రాజేంద్ర చోళుని శాసనాలు తాము గెలిచిన కోటలలో దీని పేరును గర్వంగా చెప్పుకున్నవి. అటువంటి మహానగరం నేడు ప్రశాంతమైన పల్లె.

ఇక్కడి జైన దేవాలయానికి దేశం నలుమూలల నుంచి, ముఖ్యంగా గుజరాత్, రాజస్థాన్‌ల నుంచి యాత్రికులు వస్తారు. మూలవిరాట్టు ఆదినాథుడు. మాణిక్యదేవుడని పిలుస్తారు. పక్కనే వర్ధమాన మహావీరుని ఆకుపచ్చ విగ్రహం. 51 అంగుళాల ఎత్తు, ఒకే పచ్చరాయిలో మలచినది. దీపపు వెలుగులో లేత అరటాకు వలె మెరుస్తుంది. మనం సుత్తితో కొట్టి చూడకూడదు కాని, రాయి అంటే నమ్మబుద్ధి కాదు. తోలు వస్తువులు లోపలికి తీసుకుపోవద్దు. జైనులు పొద్దుగూకిన తరువాత భుజించరు కనుక, అక్కడ భోజనం చేయదలచినవారు ఆ వేళ గమనించుకోవాలి.

అదే ఊళ్ళో సోమేశ్వరాలయం. ఇది వీరశైవులకు పుణ్యస్థలం. వారి ఆచార్యపురుషుడు రేణుకాచార్యుడు ఇక్కడి లింగం నుంచే ఉద్భవించాడని వారి నమ్మకం. ఒకే ఊళ్ళో జినుడు, శివుడు. మధ్యయుగంలో ఈ రెండు మతాల నడుమ వాదాలూ పోరాటాలూ జరిగినవని చరిత్ర చెబుతున్నది. ఇప్పుడు జైన యాత్రికులూ శైవ భక్తులూ ఒకే వీధిలో నడుస్తారు.

సోమేశ్వరాలయ ప్రాంగణంలోనే పురావస్తుశాఖవారి ప్రదర్శనశాల ఉన్నది. చుట్టుపక్కల దొరికిన చాళుక్య కాలపు శిల్పాలు, శాసనాలు వరుసగా నిలబెట్టారు. చేయి విరిగినవి కొన్ని, ముక్కు పోయినవి కొన్ని. వాటి ముందు నిలబడితే ఒక ఆలోచన రాక తప్పదు. ఈ రాళ్ళు మట్టిలో శతాబ్దాలు పడి ఉండి కూడా మళ్ళీ లేచి నిలబడినవి. వీటిని చెక్కిన చేతులు ఏవి? ఆ ఉలి పట్టే తీరు తండ్రి నుంచి కొడుకు నేర్చుకున్నంత కాలం సాగినది. ఒక తరం నేర్చుకోవడం మానినది. అంతే, ఎవరి పేరూ మిగలలేదు. రాయి వెయ్యేళ్ళు ఆగుతుంది. విద్య ఒక్క తరం కూడా ఆగదు.

పొద్దున చూసిన మగ్గాలు ఇప్పుడు జ్ఞాపకం చేసుకోండి. పోచంపల్లి నేతగాని కొడుకు చదువుకుని హైదరాబాదు వచ్చి ఉద్యోగం చూసుకుంటున్నాడు. అతనిని తప్పుపట్టే హక్కు మనకు లేదు. మన పిల్లలు చేసినదీ అదే. భార్యాభర్తలిద్దరూ పొద్దస్తమానం కష్టపడినా ఇల్లు గడవని పనిని, సంస్కృతి కోసమని ఎవరూ చేయలేరు. చేయమనడం అన్యాయం. ఆ పని కూడుపెడితే కొడుకు కూర్చుంటాడు, పెట్టకపోతే మగ్గం గుంట పూడ్చి అక్కడ మంచం వేస్తారు. అది తేలేది ఢిల్లీలో కొంత, హైదరాబాదులో కొంత, మన బీరువాలో కొంత.

ఇంటికి తెచ్చుకోవలసినది

యాత్ర అన్నాక ఏదో ఒకటి కొనుక్కోకుండా మనవారు ఇల్లు చేరరు. మంచిదే. అయితే చూసి కొనండి. పోచంపల్లి బొమ్మలు అచ్చువేసిన మరమగ్గం చీరలు దిల్‌సుఖ్‌నగర్ దుకాణాలలో చవకగా గుట్టలు పోసి అమ్ముతారు. వాటిని కొనడం నేరం కాదు. చేనేత అనుకుని కొనడమే నష్టం.

గుర్తుపట్టడం కష్టం కాదు. చీరను తిరగేసి చూడండి. అద్దకం అయితే వెనుకవైపు రంగు వెలిసినట్లుంటుంది. చిటికి నేత అయితే రెండు వైపులా ఒకే తీరు, ఏది ముందో ఏది వెనుకో చెప్పలేము. బొమ్మ అంచులు గీత గీసినట్లుంటే అనుమానించండి. అసలైనదానిలో అంచు కొద్దిగా చెదిరి, నీటిలో నీడలాగా కదులుతుంది. దారం తాలూకు ఆ చిన్న తొట్రుపాటే చేతిపని సంతకం. చేనేత ముద్ర, భౌగోళిక గుర్తింపు చీటీ ఉన్నవేమో అడగండి. సహకార సంఘంలోనో, నేసినవారి ఇంటనో కొంటే డబ్బులో ఎక్కువ పాలు మగ్గం దగ్గరే ఉంటుంది. పట్టుచీర కొనే స్తోమతు లేకపోతే చేతిరుమాలు కొనండి, దిండు గలీబు కొనండి. అది కూడా కట్టి, ముంచి, విప్పి నేసినదే.

సాయంకాలానికి వరంగల్ రోడ్డు మీదుగా ఉప్పల్, నాగోలు దాటి కొత్తపేట చేరుకోవచ్చు. రాత్రి భోజనాలకు అందుతారు. వచ్చే సంక్రాంతికి పంతంగి టోలుగేటు దగ్గర బారులో నిలబడినప్పుడు, విసుక్కునే పిల్లలకు చెప్పడానికి మీ దగ్గర బోలెడు కథలుంటాయి: ముగ్గురు సుల్తానుల ఇంటి ఆడపడుచు కథ, నూరెకరాలిచ్చిన మనిషి కథ, అమ్మ భుజం కోసం యంత్రం చేసిన కొడుకు కథ. అవి అయిపోయేలోగా గేటు రాకపోతే, ఎడమకు తిరిగే దారి ఎక్కడ ఉన్నదో వారికి చూపించండి.